చవుడు కడియాలు

ఎంగారె సేరో, నాట్రోన్ సరస్సు దక్షిణపు ఒడ్డు
1991 అక్టోబరు 9

అరూషలో ఉన్న నా మేనకోడలు సిలంతోయికి, నీ మామ యెరెమియా ఒలె సెందేవ్ రాయునది.

తల వంచు. వంచావా? చేయి పెట్టాను. ప్రభువు కృప నీకు తోడై ఉండును గాక. ఈ కాగితం మీద ఉమ్మి దీవించాను కూడా. మూలన సిరా అలుక్కుపోయి ఉంటే అది నా దీవెనే, వాన అనుకోకు. వాన ఇక్కడ లేదు.

పశువులు బాగున్నాయి. మీ అత్త నోలారి బాగుంది, నన్ను తిట్టే ఓపిక ఏమీ తగ్గలేదు. నిప్పులు కక్కే మన దేవుడి కొండ మూడు రోజులుగా లోపల లోపల గొణుగుతోంది. మెపుకోరి గుర్తున్నాడా? నాతోపాటు ఒకే ఏడు సున్తీ అయినవాడు, ఇప్పటికీ బాప్తిస్మం తీసుకోని మొండిఘటం. "నీ దేవుడికి కడుపునొప్పి లేచినట్టుంది, కాస్త మజ్జిగ పట్టరాదూ?" అన్నాడు. సీనాయి పర్వతం కూడా ఇలాగే పొగ కక్కిందిరా అవిశ్వాసీ, అని వాడికి చెప్పాను. "ఆ కొండ కింద మేకలు మేపినవాడు కూడా నీలాగే అరిచేవాడా?" అన్నాడు.

పోయిన ఆదివారం సొదొమ గురించి బోధించాను. తలుపు తెరిచి సరస్సును చూపించి, "చూడండి! లోతు భార్య ఒక్కతే ఉప్పుస్తంభమైంది, ఇక్కడ ఒక దేశమే చవుడైపోయింది! ఎర్రటి నీరు, కుళ్ళు వాసన, కాలు పెడితే తోలు ఊడే బురద! ఉగ్రత దిగిన చోట జీవం ఉండదు!" అని గుదియతో బల్ల మీద కొట్టాను. బల్ల కాలు ఒకటి విరిగింది. సంఘం కదిలిపోయింది.

ఆ రోజు వెనక వరుసలో నలుగురు కొత్తవాళ్ళు కూర్చున్నారు. సరస్సు ఒడ్డున, చవుటి నుంచి బట్టల సోడా తీసే కర్మాగారం కట్టబోయేవాళ్ళట. ప్రార్థన అయ్యాక వచ్చి, "పెద్దాయనా, బాగా చెప్పారు. నిజంగానే ఆ నీళ్ళలో జీవమున్నది ఏదీ లేదా?" అని అడిగారు. లేదన్నాను. రాసుకుని, చదివి వినిపించి, సంతకం చేయమన్నారు. ముప్పై ఏళ్ళు వచ్చాక వాక్యం మీద వేలు పెట్టుకుని అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. నా సంతకం కావాలని అడిగిన మొదటి మనుషులు వాళ్ళే. పెద్ద అక్షరాలతో చేశాను.

ఒక్క సంగతి మాత్రం తొలుస్తోంది. నువ్వు పక్షుల కార్యాలయంలో ఉన్నావు కాబట్టి అడుగుతున్నాను. అది చచ్చిన నీరైతే ఆ ఎర్రకొంగలు ఏటేటా అంత దండుగా వచ్చి అక్కడ తినేదేమిటి? వాటి పిల్లను ఈ ఒడ్డున నేనెన్నడూ చూడలేదు. అవి పిల్లలు లేని జాతా?

జవాబు రాయి. పశువుల మందు తెచ్చే లారీ పదిహేను రోజులకోసారి వస్తుంది.

ప్రభువునందు నీ మామ,
యెరెమియా


అరూష
1991 అక్టోబరు 24

మామయ్యకు,

తల వంచాను, మీ చేయి అందింది. సిరా అలికిన చోట చాలాసేపు వేలు ఆనించి ఉంచాను. అత్తకు నా దండాలు చెప్పండి.

మామయ్యా, మీ ఉత్తరం రాకముందే మీ సంతకం నా బల్ల మీదికి వచ్చింది. కర్మాగారం వాళ్ళు ప్రభుత్వానికి పెట్టుకున్న దరఖాస్తులో మూడో కాగితం అదే. "స్థానిక మతపెద్ద వాంగ్మూలం: ఈ సరస్సులో జీవము లేదు." కింద పెద్ద అక్షరాలతో మీ పేరు. అది చూసి కాగితాన్ని బోర్లించి పెట్టేశాను.

ఎందుకో చెబుతాను. దానికి వారం ముందే సమావేశంలో లేచి నిలబడ్డాను. టైపు కొట్టే మనిషి అలా లేవకూడదు, అయినా లేచాను. "ఎర్రకొంగలు, అదే ఫ్లెమింగోలు, ఆ సరస్సులోనే పుడతాయి. నడిమధ్య బురదలో చిన్న చిన్న మట్టిదిబ్బలు కట్టి, ఒక్కో దిబ్బ మీద ఒక్కో గుడ్డు పెడతాయని మా అమ్మ చెప్పేది" అన్నాను. అందరూ నవ్వారు. ఒక అధికారి అయితే, "మీ అమ్మగారు పడవేసుకుని వెళ్ళి చూసొచ్చారా?" అన్నాడు. మా పెద్దసారు మాత్రం నవ్వలేదు. "ఈ ఏడు అక్కడ పిల్లలు లేచాయని కళ్ళతో చూసినవాళ్ళ సాక్ష్యం, లెక్కతో సహా, ఫిబ్రవరి ఇరవైలోగా తీసుకురా. ఆ రోజే విచారణ. తేలేకపోతే వాళ్ళకు అనుమతి వచ్చేస్తుంది" అన్నారు. అనుమతి వస్తే ఒడ్డున ఉన్న మంచినీటి ఊటలన్నిటికీ గొట్టాలు బిగిస్తారు మామయ్యా. మీరు పశువులకు నీళ్ళు పెట్టే ఊట కూడా అందులో ఉంది.

ఇంతకీ మీరడిగిన దానికి జవాబు: ఆ నీటి ఎరుపంతా బతికే ఉంది. కంటికి ఆనని పాచి అది. ఫ్లెమింగో ముక్కు తలకిందులు చేసి దాన్నే వడకట్టుకుని తింటుంది. ఆ పాచి వల్లే దానికి ఆ రంగు.

మీరు నా కోసం వెళ్ళి చూడండి. పిల్లలు కనిపిస్తే లెక్కపెట్టండి. ఎన్ని అన్నదే ముఖ్యం.

ఈ ఉత్తరం దయచేసి సంఘంలో చదవకండి.

మీ
సిలంతోయి


ఎంగారె సేరో
1991 నవంబరు 10

సిలంతోయీ,

తల వంచు. చేయి పెట్టాను, కాని బరువుగా పెట్టాను.

నీ ఉత్తరం సంఘంలో చదివాను. పౌలు రాసిన పత్రికలను సంఘాలు దాచుకున్నాయా? వచ్చినది వచ్చినట్టు చదవడం మా పద్ధతి. "సంఘంలో చదవకండి" అన్న మాట కూడా చదివాను. అందరూ నవ్వారు. "లెక్కపెట్టండి" అన్న చోటికి వచ్చేసరికి మాత్రం ఎవరూ నవ్వలేదు.

అమ్మాయీ, నువ్వు ఏ కడుపున పుట్టావు? ప్రాణమున్నదాన్ని లెక్కపెడతామా? నీ తాత తన పశువులను ఎన్నడైనా లెక్కపెట్టాడా? సాయంత్రం కంచె వాకిట్లో నిలబడి చూసేవాడు, అంతే. "నల్లమచ్చ ఆవు రాలేదు, వంకరకొమ్ము దూడ రాలేదు" అనేవాడు. ఎవరు రాలేదో తెలుసుకోవడానికి ఎన్ని వచ్చాయో ఎందుకు? ఇది మన పెద్దల మాటే కాదు, వాక్యం కూడా! దావీదు రాజు జనాన్ని లెక్కపెట్టించాడు. ఏమైంది? మూడు రోజుల తెగులు! దాను మొదలుకొని బెయేర్షెబా వరకు శవాలు! మన తలవెంట్రుకలను లెక్కపెట్టినవాడు పరలోకంలో ఉన్నాడు. ఆ పని ఆయనది. నీది కాదు, నాది అసలే కాదు. నీ కార్యాలయం చేసే పని ఇదే అయితే, అందులోంచి బయటికి రా అని చెప్పుటకు నేను సిగ్గుపడను.

ఇక సంతకం మాట. నేను అబద్ధం చెప్పలేదు. ఆ సంగతి రుజువు చేయాలనే మంగళవారం పొద్దున్నే ఒడ్డుకు వెళ్ళాను, జీవం లేదని నా కళ్ళతో చూసి నీ మొహాన కొట్టాలని.

చూశాను. వేడినీటి ఊట చవుట్లో కలిసే చోట, వేలు పెడితే చురుక్కుమనే నీళ్ళలో, చిటికెన వేలంత చేపలు! మూతి అంచు తెల్లగా, సున్నం రాసుకున్నట్టు. గుంపుగా నా నీడలోకి వచ్చాయి, నా వేలిని ముద్దాడి వెళ్ళాయి. సిలంతోయీ, మనది చేప ముట్టని జాతి. ముప్పై ఏళ్ళుగా పేతురు వలల గురించి గొంతు చించుకుంటున్నాను. ప్రాణమున్న చేపను చూసింది మాత్రం ఈ మంగళవారమే. మధ్యాహ్నం దాకా అక్కడే గొంతుక్కూర్చున్నాను. అవి ఆ నీళ్ళలో ఎలా ఊపిరి పీలుస్తాయి? వాటి కళ్ళు మండవా?

ఈ సంగతి సంఘంలో ఇంకా చెప్పలేదు.

మామ


అరూష
1991 నవంబరు 28

మామయ్యకు,

మీ చేయి బరువు తెలిసింది. సంఘం ముందు నన్ను దావీదు పక్కన నిలబెట్టారు. ఆయన రాజు, ఓర్చుకున్నాడు. నాకు రెండు రోజులు అన్నం సహించలేదు.

ఆ చేపల సంగతి చదివాక మాత్రం కోపం నిలవలేదు. మా పెద్దసారుకు వినిపిస్తే కుర్చీలోంచి లేచారు. అవి ప్రపంచంలో మరెక్కడా లేవట మామయ్యా, మన ఊటల దగ్గర, ఆ పక్క సరస్సులో తప్ప. మనం తాగితే పేగులు కాలిపోయే నీటిలో అవి తిని, పిల్లల్ని కని, ముసలివవుతాయి. చవుడు ఒంట్లో పేరుకోకుండా బయటికి పంపే ఉపాయం వాటి మొప్పల్లో ఉందట. కళ్ళు మండుతాయా అన్న ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదని నవ్వారు. ఇక్కడ వాటిని ఎప్పుడూ సీసాల్లోనే చూశారు. మీరొక్కరే వాటి మధ్య కూర్చున్నారు.

చేపలు ఉన్నాయి కదా, పిల్లలు కూడా ఉంటాయేమో చూడండి. మీ పశువుల్ని లెక్కపెట్టమనడం లేదు, అడవి పిట్టల్ని. నేను రాలేను. ఎందుకని అడగకండి.

అమ్మ చెప్పిన మాట మీకూ చెప్పే ఉంటుందిగా?

సిలంతోయి


ఎంగారె సేరో
1991 డిసెంబరు 20

సిలంతోయికి,

చేయి పెట్టాను.

రాలేవా? ఎందుకు రాలేవు? యోనాను తర్షీషుకు కాదు, నీనెవెకు పంపాడు దేవుడు. నీ నీనెవె ఇదే. బూట్లకు బురద అంటుతుందనా? పట్నం వెళ్ళిన ఆడపిల్ల అరికాలు మెత్తబడుతుందని నోలారి అంటే కాదని వాదించాను. ఇప్పుడు వాదించను. నువ్వు రాలేని చోటికి అరవై ఏళ్ళవాణ్ణి పొమ్మంటున్నావు.

పోయాను.

నీ తల్లి, ఆమె పేరు ఎత్తను, ఆమె నిద్రను కదపకూడదు, ఆ దిబ్బల మాట నాకూ చెప్పింది. మేకలు కాసే వయసులో. "నడిమధ్య చిన్న చిన్న దేవుడి కొండలు ఉన్నాయి, ఒక్కోదాని నోట్లో ఒక్కో గుడ్డు" అంది. అప్పుడు ఎగతాళి చేశాను. ఎలా చూశావే అంటే కొండ సగానికి ఎక్కి చూశానంది. అందుకే నేనూ కొండ సగానికి ఎక్కాను. మోకాళ్ళు ఏడ్చాయి. ఎండలో సరస్సంతా వణికింది. నీరేదో ఆకాశమేదో తెలియలేదు. నడుమ ఒక గులాబీ చార, పొగలాగా. అది కదలలేదు. మేసే పక్షులైతే కదలాలి కదా? అక్కడే కూర్చుని ఉన్నాయి. ఏదో పొదుగుతున్నాయి.

దగ్గరగా చూద్దామని మర్నాడు టైరు చెప్పులు వేసుకుని బురద మీదికి నడిచాను. పైపెచ్చు రొట్టెలా గట్టిగా ఉంది. రాయి విసిరితే ఎంత దూరం పడుతుందో అంత నడిచాక విరిగింది. పిక్క దాకా దిగబడ్డాను. లోపల సలసల కాగుతున్నట్టుంది. బయటపడేసరికి కాలి తోలు బుడగలెత్తింది. నోలారి గొర్రె కొవ్వు రాస్తూ, "మోషే కూడా ఇట్లానే చెప్పులతో పోయాడా? ఆయన్ను విప్పమన్నారు, నిన్ను పోవద్దన్నారు, ఇద్దరూ వినరు" అంది. మెపుకోరి వచ్చి కాలు చూసి, "ఆ నీళ్ళలో జీవం లేదంటివి, నీ కాలు కొరికింది ఎవరు మరి?" అన్నాడు.

ఆ బురద అంచున ఒకటి చూశాను. దుమ్ములగొండి అడుగులు. సరస్సు వైపు వెళ్ళాయి, ఆగాయి, వెనక్కి తిరిగాయి. దాని పక్కనే నక్క అడుగులు, అవీ తిరిగాయి. ఎంత ఆకలితో వచ్చినదైనా తిరిగిపోవలసిందే. కాలికి కట్టుతో పడుకుని మూడు రోజులు అదే ఆలోచించాను. మన గొర్రెల చుట్టూ ముళ్ళకంచె ఎందుకు వేస్తాం? గొర్రెల మీద కోపంతోనా?

నేను ఉగ్రత అన్నది కంచె అయితే? మరి ముప్పై ఏళ్ళుగా నేను బోధించినది ఏమిటి?

ఇది నీకొక్కదానికే రాస్తున్నాను. లెక్క మాత్రం పెట్టను.

మామ


అరూష
1992 జనవరి 6

మామయ్యకు,

ఇది సంఘంలో చదివితే నేను మళ్ళీ మీకు ఉత్తరం రాయను. ఒట్టు.

నేను కడుపుతో ఉన్నాను. ఒకసారి నిలవలేదని మీకెవరికీ చెప్పలేదు. ఈసారి మొదట్లో ప్రయాణాలు వద్దన్న డాక్టరమ్మ ఇప్పుడు మంచమే దిగవద్దంది. ఆ గుంతల దారిలో లారీ ఎక్కలేక రాలేదు, బూట్లకు బురద అంటుతుందని కాదు. ఎన్నో నెల అని మీరు అడగరని తెలుసు. మన పద్ధతిలో నాకు నచ్చేది అదొక్కటి.

కంచె మాట చదివి ఏడ్చాను. అమ్మ వినాల్సిన మాట అది.

ఒక హెచ్చరిక. జనవరి ఎండలకు సరస్సు కుంచించుకుపోతుంది. పిల్లలు ఎగరలేవు. ఆ చిక్కటి చవుటిలోనే మంచినీటి ఊటల వైపు రోజుల తరబడి నడుస్తాయి. నీరు మరీ చిక్కబడిన ఏడు చవుడు వాటి కాళ్ళకు కడియాల్లా గడ్డకడుతుందని పాత కాగితాల్లో చదివాను. ఇక నడవలేవు.

మామయ్యా, మీ మనసు నొప్పించాలని కాదు. ఫిబ్రవరి ఇరవైన ఆ బల్ల మీద మన సరస్సు గురించి ఒకే ఒక సాక్ష్యం ఉంటుంది, పెద్ద అక్షరాలతో మీ సంతకం ఉన్నది. మీరు పొగ చూశానంటే వాళ్ళు నవ్వుతారు. ఎన్ని అని అడుగుతారు. లెక్క లేని సాక్ష్యాన్ని ఇక్కడ సాక్ష్యమనరు.

మీ
సిలంతోయి


ఎంగారె సేరో
1992 జనవరి 25

నా బంగారు సిలంతోయికి,

రెండు చేతులూ పెట్టాను. ఒకటి నీ తల మీద, ఒకటి ఎక్కడో నీకు తెలుసు. కాగితం నిండా ఉమ్మాను, అక్షరాలు చెదిరితే క్షమించు. చదవలేదు, ఎవరికీ చెప్పలేదు. నోలారికి చెప్పాను. ఆమె లెక్కలోకి రాదు. బూట్ల గురించి రాసిన చేతిని గోడకేసి కొట్టుకున్నాను.

అవి వచ్చాయి!

పోయిన వారం శుక్రవారం పొద్దున ఊట దగ్గరికి ఆవులను తోలుకెళ్ళిన మెపుకోరి పరుగెత్తుకొచ్చి, "యెరెమియా, నీ చచ్చిన నీళ్ళు నడిచొస్తున్నాయి!" అని అరిచాడు. వెళ్ళి చూస్తే ఒడ్డు పొడవునా బూడిద రంగు మంద. పిల్లలే! ఎర్రదనం ఇంకా రాని పిల్లలు, గొర్రెపిల్లల్లా ఒకదాన్నొకటి రాసుకుంటూ. పక్కన పెద్ద కొంగలు కొన్నే, కాపరుల్లా, దారి తప్పినదాన్ని ముక్కుతో మందలోకి తోస్తూ. సిలంతోయీ, మందను తోలడం ఎవరు నేర్పారు వాటికి?

వెనకబడినవి కూలబడి ఉన్నాయి. దగ్గరికి వెళ్ళి చూశాను. నువ్వు రాసింది నిజం. పుల్లల్లాంటి కాళ్ళకు చవుడు కడియాలు, కోడిగుడ్డంత లావున, రాయిలా. లేస్తాయి, రెండడుగులు ఈడుస్తాయి, పడతాయి. పైన పీక్కుతినే బోడితల కొంగలు తిరుగుతున్నాయి.

నేను ఆదివారం బల్ల మీద కొట్టే గుదియ చేతిలో ఉంది. మొదటి రోజు సంగతి రాయను. రెండో రోజుకు పని తెలిసింది. పిల్లను ఒళ్ళో పెట్టుకోవాలి, కడియం కింద రాయి ఆనించాలి, గుదియ పిడితో తట్టాలి. కొట్టకూడదు, తట్టాలి. కీచుమని చీలుతుంది. ఊట నీటితో కాలు కడిగి వదిలితే ఒక్క క్షణం నమ్మలేనట్టు నిలబడి, తరువాత పరుగు.

ఊళ్ళో నవ్వులే నవ్వులు. పిట్టల్ని ముట్టేది సున్తీ అయిన కొత్త కుర్రాళ్ళు కదా, చంపి తలపాగాకు గుచ్చుకోవడానికి. ఆ తలపాగాల మీద నేను ఎన్ని నిప్పులు కురిపించాను! ఇప్పుడు ఒంటినిండా ఈకలతో నేనే ఇంటికొస్తుంటే నోలారి గుమ్మంలో అడ్డంగా నిలబడి, "అమ్మలారా రండి! మా ముసలాయన మళ్ళీ సున్తీ చేయించుకున్నాడు! ఇంక ఆయనకు పెళ్ళికూతుర్ని వెతకాలి!" అని కేక పెట్టింది. ఆడవాళ్ళు నేలమీద పడి నవ్వారు. మర్నాడు ఆ ఆడవాళ్ళే సొరకాయ బుర్రల్లో నీళ్ళు మోసుకుని నా వెనకాల వచ్చారు. మెపుకోరి కూడా వచ్చాడు. "కుర్రతనంలో నేను కొట్టిన పిట్టలకు ఇది జరిమానా. నీ దేవుడికి చెప్పకు, నా పేరు రాసుకుంటాడు" అన్నాడు.

బంధించబడినవారికి విడుదల ప్రకటించడానికి ఆయన నన్ను పంపాడని ఎన్నిసార్లు బోధించానో. ఆ విడుదల చప్పుడు ఎలా ఉంటుందో ఇప్పుడు విన్నాను.

మామ


ఎంగారె సేరో
1992 ఫిబ్రవరి 9

సిలంతోయికి,

చేతులు పెట్టాను. తొందరగా రాస్తున్నాను, లారీ హారను మోగుతోంది.

డ్రైవరు చేతికి ఒక మొక్కజొన్నపిండి సంచి ఇచ్చాను. బరువుగా ఉంటుంది, నువ్వు ఎత్తకు, మీ ఆయనను ఎత్తమను. అందులో కడియాలు ఉన్నాయి. ఒక్కో పిల్ల కుడికాలిది మాత్రమే ఉంచాను, ఎడమకాలివి సరస్సుకు తిరిగి ఇచ్చేశాను. చీలిన రెండు చెక్కలనూ నారతో కలిపి కట్టింది ఆడవాళ్ళు. లోపలి రంధ్రం చూడు, పిల్ల కాలంత సన్నం. దాని లోపలి గోడకు బూడిద రంగు నూగు అంటుకుని ఉంది. నీ అధికారులను వాసన కూడా చూడమను.

ప్రాణమున్నదాన్ని నేను లెక్కపెట్టలేదు. నా నాలుక మీద ఆ పాపం లేదు. కాని ఊడిన సంకెళ్ళకు ప్రాణం లేదు. వాటిని లెక్కపెట్టవద్దని దావీదుకు కూడా ఎవరూ చెప్పలేదు. నేను పెట్టను, చేతికి అలవాటు లేదు. నువ్వు పెట్టు.

ఒకటి మాత్రం విను. సంచి అడుగున నల్లదారం కట్టిన కడియం ఉంటుంది. అది మొదటి రోజుది. బల్ల మీద కొట్టినట్టు కొట్టాను. కడియంతోపాటు కాలు విరిగింది. నా ఒళ్ళోనే పోయింది. ముప్పై ఏళ్ళుగా నాకు తెలిసిన బలం అదొక్కటే, కొట్టడం. ఆ పిల్ల చచ్చి నాకు తట్టడం నేర్పింది. అది విడుదల కాదు, లెక్కలోంచి తీసెయ్యి.

ఇంకో కాగితం జతపరిచాను. నా పాత సంతకం అబద్ధమని, అబద్ధమని తెలియక చేసిన అబద్ధమని రాశాను. ఈసారి చిన్న అక్షరాలతో సంతకం చేశాను.

మామ


అరూష
1992 ఫిబ్రవరి 24

మామయ్యకు,

తల వంచాను. ఇప్పుడు వంచడం కష్టంగా ఉంది, పొట్ట అడ్డం వస్తోంది.

డాక్టరమ్మతో పోట్లాడి, కుర్చీలో కూర్చుని మోయించుకుని విచారణకు వెళ్ళాను. వాళ్ళు మీ మొదటి కాగితం చదివారు. మా సారు రెండోది చదివారు. అప్పుడు ఆ పాత అధికారే, అమ్మ పడవ గురించి అడిగినవాడు, "పిల్లలు ఉన్నాయంటారు, సరే. ఎన్ని?" అన్నాడు. సంచి తెచ్చి బల్ల మీద గుమ్మరించమన్నాను.

ఆ చప్పుడు మీరు వినాల్సింది మామయ్యా! కొన్ని దొర్లి నేల మీద పడ్డాయి. పెద్ద పెద్ద అధికారులు వంగి బల్ల కింద వెతికారు. తరువాత ఎవరూ చెప్పకుండానే లెక్కపెట్టడం మొదలుపెట్టారు, పది పది కుప్పలుగా. భోజనం వేళ దాటింది. పదకొండు వందల ఎనభై ఏడు.

నేను నల్లదారం కట్టినదాన్ని తీసి పక్కన పెట్టి, పదకొండు వందల ఎనభై ఆరు అన్నాను. అదెందుకని ఆ అధికారి అడిగాడు. మీ ఉత్తరంలో ఆ నాలుగు మాటలు చదివాను. క్షమించండి, మీరు నాది చదివారుగా. ఆయన ఆ కడియాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు. "తన లెక్కలోంచి తనే ఒకటి తీసేసినవాడి మాట నేను నమ్ముతాను" అన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

అనుమతి ఆపేశారు. రెండేళ్ళు పిల్లల కాలాన్ని ఎవరైనా దగ్గరుండి చూశాకే మళ్ళీ మాట్లాడతారట. ఊటలకు గొట్టాలు రావు. ఆ రెండేళ్ళు చూసే మనిషి కోసం ఒక పేరు చెప్పమన్నారు. మీ పేరు ఇచ్చాను, లెక్కపెట్టరని ముందే చెప్పాను. పరవాలేదట.

మీ
సిలంతోయి


ఎంగారె సేరో
1992 మార్చి 15

సిలంతోయికి,

తల వంచకు, పొట్టకు ఇబ్బంది. దూరం నుంచే పెట్టాను.

పిల్లల వీపు మీద ఈకలు వచ్చాయి. పొద్దున ఒకటి నా ఎదుటే పరుగెత్తి, నీటిని తన్నుకుంటూ లేచి, పడి, మళ్ళీ లేచింది. అది మా ఒళ్ళోంచి వెళ్ళినదో కాదో తెలియదు. చెప్పిపోలేదు.

ఆదివారం బల్ల మీద కొట్టలేదు. విరిగిన కాలు బాగు చేయించి, బల్లకు ఆనుకుని మాట్లాడాను. "నేను మీకు ఈ సరస్సు దేవుడి కోపమని చెప్పాను. తప్పు చెప్పాను. ఇది ఆయన వేసిన కంచె. లోపల ఏముందో చూడకుండా కంచెను చూసి శాపమన్నాను" అన్నాను. మొదటిసారి నా సంఘం నా నోరు కాదు, నా మొహం చూసింది. వెనక వరుసలో మెపుకోరి కూర్చున్నాడు, ఎండకు నీడ కోసం వచ్చానన్నాడు.

తరువాత నీ ఉత్తరం చదివాను. మొత్తం. అధికారులు వంగి బల్ల కింద వెతికిన చోట అందరూ చప్పట్లు కొట్టారు. ఆ అంకె ఉన్న చోటికి వచ్చాను. దాని మీద బొటనవేలు పెట్టి మూసి, కింది వరుసకు వెళ్ళాను.

"ఆగు ఆగు! ఎన్ని వచ్చాయి?" అని మెపుకోరి వెనకనుంచి కేకేశాడు.

దేవునికి తెలుసు, అరూషలో నా మేనకోడలికి తెలుసు, అన్నాను.

నీ మామ